ఇసుకలో సన్నమట్టి కలిసిన శాంపిల్‌కి షియర్ టెస్ట్ ఎలా చేయాలి, వచ్చిన గీతల్ని ఎలా చదవాలి

సాయిల్ మెకానిక్స్ పాఠాల్లో ఇసుకకి ఒక చాప్టర్, బంకమట్టికి ఇంకో చాప్టర్ ఉంటాయి. బోరు వేసి పైకి తీసిన శాంపిల్‌కి ఆ సంగతి తెలీదు. అందులో ముతక ఇసుక, సన్న ఇసుక, సిల్ట్ (ఇసుక కంటే సన్నం, బంక కంటే ముతక), కాస్త బంక, ఒక్కోసారి నాలుగు గులకలు, అన్నీ కలిసే ఉంటాయి. రిపోర్టులో "ఫైన్స్ (సన్నమట్టి) 22 శాతం" అని ఒక ముక్క రాసుంటుంది, ఇక అక్కణ్ణించి వాదన మొదలు: దీన్ని ఇసుక అనుకుని డ్రెయిన్డ్ టెస్ట్ (షియర్ చేస్తూ, అంటే పక్కకి జరుపుతూ, నీళ్లని బయటికి పోనిచ్చేది) చేద్దామా, బంక అనుకుని అన్‌డ్రెయిన్డ్ (నీళ్లని పోనివ్వనిది) చేద్దామా అని.

నన్నడిగితే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. పైనుంచి వచ్చే బరువుని లోపల ఎవరు మోస్తున్నారు? ముతక గింజలు ఒకదాన్నొకటి ఆనుకుని మోస్తున్నాయా, లేక మోసేది సన్నమట్టి అయితే ముతక గింజలు అందులో ఊరికే తేలుతున్నాయా? ఇది తేలిందంటే ఏ టెస్ట్, ఎంత స్పీడు, గీత ఎలా చదవాలి అన్నవి చాలావరకు వాటంతటవే తేలిపోతాయి. నేను పని చేసే వరసలోనే కింద రాస్తున్నాను, మీరూ అదే వరసలో వెళ్తే తర్వాత వెనక్కి రావాల్సిన పని ఉండదు.

ముందు కడగండి, తర్వాత జల్లించండి

ఫైన్స్ అంటే 75 మైక్రాన్ల జల్లెడ దాటి కిందికి పోయేది, అంటే 0.075 మి.మీ. కంటే సన్నం. దీన్ని పొడిగా జల్లించి తేల్చేద్దాం అనుకోకండి. ఆరిన బంక ఇసుక గింజలకి పొరలా అంటుకుని ఉంటుంది, చిన్న చిన్న ఉండలు కట్టి ఇసుక గింజలాగే నటిస్తుంది, జల్లెడ ఎంతసేపు ఊపినా రాలదు. కొత్తలో నేను ఒక శాంపిల్‌ని పొడిగా జల్లించి ఫైన్స్ తక్కువే ఉన్నాయని రాసేసి, శుభ్రమైన ఇసుకలా టెస్ట్ చేసి, పోర్ ప్రెషర్ (గింజల మధ్య నీళ్ల ఒత్తిడి) గీత ఎందుకంత వింతగా వచ్చిందా అని రెండు రోజులు మెషీన్‌ని తిట్టుకున్నాను. మెషీన్ బాగానే ఉంది. నీళ్లలో నానబెట్టి, ఉండలు విడిపోయేలా చేసి, 75 మైక్రాన్ల జల్లెడ మీద కడిగితే ఫైన్స్ నేను రాసినదానికి రెట్టింపు పైనే తేలాయి.

కడిగాక కిందికి పోయినదాన్ని పారబోయకండి, దానితో రెండు పనులున్నాయి. ఒకటి హైడ్రోమీటర్ టెస్ట్ (గింజలు నీళ్లలో దిగే వేగాన్ని బట్టి సైజు తేల్చేది), అందులో 2 మైక్రాన్ల కంటే సన్నంగా ఉన్నది ఎంతో తెలుస్తుంది. ఫైన్స్ శాతం వేరు, బంక శాతం వేరు, ఈ రెంటినీ ఒకటే అనుకుని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. 30 శాతం ఫైన్స్‌లో బంక 4 శాతమే ఉండొచ్చు, 25 శాతం కూడా ఉండొచ్చు, ఆ రెండు మట్టులకీ పేరులో తప్ప ఎక్కడా పోలిక ఉండదు. రెండోది లిక్విడ్ లిమిట్ (మట్టి బురదలా పారడం మొదలెట్టే తేమ), ప్లాస్టిక్ లిమిట్ (ముద్దలా మలచడానికి కావలసిన కనీస తేమ). మామూలుగా ఈ టెస్టులు 425 మైక్రాన్ల జల్లెడ దాటిన భాగం మీద చేస్తారు కాబట్టి అందులో సన్న ఇసుక కూడా కలిసి ఉంటుంది, అంకె కొంచెం తగ్గి కనిపిస్తుంది. మిశ్రమాలతో పని చేస్తున్నప్పుడు 75 మైక్రాన్ల కింది భాగాన్ని విడిగా ఆరబెట్టి దానికి కూడా ఒకసారి లిక్విడ్ లిమిట్ తీయండి, కింద ఒకచోట అది అక్కరకొస్తుంది.

ఫైన్స్‌కి ప్లాస్టిసిటీ (తడిపితే ముద్దలా మలచగలిగే గుణం) లేకపోతే అవి చిన్న సైజు ఇసుకే అనుకోండి, గింజకీ గింజకీ మధ్య ఘర్షణే అక్కడ పని చేస్తుంది. ప్లాస్టిసిటీ ఉంటే కథ మారుతుంది, నీళ్లు పట్టుకుంటాయి, నెమ్మదిగా వదులుతాయి, పలక ఆకారం గింజలు కాబట్టి ఎక్కువ దూరం జరిగితే ఒక వైపుకి పడుకుంటాయి కూడా. సన్నమట్టిదే పైచేయి అయిన నేలలు భూకంపంలో ఇసుకలా ప్రవర్తిస్తాయా బంకలా ప్రవర్తిస్తాయా అన్నదానికి 2006లో బౌలాంజర్, ఇడ్రిస్ అనే ఇద్దరు ప్లాస్టిసిటీ ఇండెక్స్ (లిక్విడ్ లిమిట్‌కీ ప్లాస్టిక్ లిమిట్‌కీ తేడా) 7ని హద్దుగా సూచించారు. దాన్ని గోడ మీద గీసిన గీతలా చూడకండి, కానీ 3 వచ్చిన మట్టినీ 15 వచ్చిన మట్టినీ ఒకే గాటన కట్టకూడదని గుర్తుచేయడానికి పనికొస్తుంది.

ఇప్పుడు కాగితం మీద లెక్క

దీనికి క్యాలిక్యులేటర్ చాలు. మామూలు వాయిడ్ రేషియో (ఖాళీల ఘనపరిమాణాన్ని గింజల ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చేది) మొత్తం మట్టికి లెక్కేసింది. కానీ సిల్ట్ తక్కువగా ఉన్నప్పుడు అది ఇసుక గింజల మధ్య ఖాళీల్లో పడి ఉంటుంది, బరువు మోయదు. బరువు మోయని గింజని ఖాళీతో సమానంగానే చూడాలి కదా. అలా చూస్తే ఇసుక అస్థిపంజరానికి విడిగా ఒక వాయిడ్ రేషియో వస్తుంది:

ఇసుక అస్థిపంజరం వాయిడ్ రేషియో = (వాయిడ్ రేషియో + ఫైన్స్ భాగం) ÷ (1 − ఫైన్స్ భాగం)

ఫైన్స్‌ని ఇక్కడ శాతంగా కాకుండా భాగంగా వేయాలి, అంటే 20 శాతం అయితే 0.20. ఇసుకకీ ఫైన్స్‌కీ స్పెసిఫిక్ గ్రావిటీ దాదాపు ఒకటే అనుకుని రాసిన సూత్రం ఇది.

ఒక మట్టి తీసుకుందాం, వాయిడ్ రేషియో 0.60. ఫైన్స్ 5 శాతం అయితే అస్థిపంజరానిది 0.68. 10 శాతం అయితే 0.78. 20 శాతం అయితే 0.80ని 0.80తో భాగించాలి, 1.00 వచ్చింది. ఇప్పుడు ఫైన్స్ తీసేసిన శుభ్రమైన ఇసుకని ఎంత వదులుగా పోసినా వాయిడ్ రేషియో 0.85 దాటదని తేలిందనుకోండి. మరి 1.00 ఎలా వచ్చింది? ఆ ఇసుక గింజలు వాటంతట అవి అలా నిలబడలేవు. అంటే కొన్నిచోట్ల సన్న గింజలు ఇసుక గింజల మధ్య దూరి, వాటిని విడదీసి పట్టుకుని ఉన్నాయి. బయటికి 0.60 అని గట్టి మట్టిలా కనిపిస్తున్నది లోపల ఊగిసలాడుతున్న కట్టడం. షియర్ మొదలవగానే ఆ సన్న గింజలు పక్కకి జారతాయి, ఇసుక గింజలు కిందికి కూలతాయి, నీళ్లు బయటికి పోయే దారి లేకపోతే పోర్ ప్రెషర్ ఎగబాకుతుంది. "ఒకే వాయిడ్ రేషియో దగ్గర సిల్ట్ కలిపితే బలం తగ్గింది" అని ప్రయోగాల్లో పదే పదే కనిపించేదానికి అసలు కారణం ఇదే.

సన్న గింజలన్నీ పనిలేకుండా కూర్చోవు కాబట్టి, వాటిలో కొంత వంతు బరువు మోస్తుందని లెక్కేసే పద్ధతి కూడా ఉంది, తేవనాయగం లాంటి పరిశోధకుల పనితో అది బాగా వాడుకలోకి వచ్చింది. ఆ వంతు 0.3 అనుకుంటే పై సూత్రంలో 0.20 బదులు అందులో 0.7 వంతు, అంటే 0.14 వేస్తారు. 0.74ని 0.86తో భాగిస్తే 0.86. 1.00 కంటే ఇది నమ్మదగ్గ అంకె, కాకపోతే ఆ 0.3 ఎక్కణ్ణించి తెచ్చారని ఎవరైనా అడిగితే జవాబు ఉండాలి. గింజల సైజుల నిష్పత్తి మీద, ఆకారం మీద, ఫైన్స్ శాతం మీద అది మారుతుంది. మొదటి చూపుకి సాదా సూత్రమే వాడండి.

సైజుల నిష్పత్తి ఎందుకంటే, మూడు సమానమైన గోళాలు ఒకదాన్నొకటి తాకుతూ ఉంటే వాటి మధ్య సందులోంచి దూరగలిగే చిన్న గోళం వ్యాసం పెద్దదాని వ్యాసంలో 0.155 వంతు. అంటే ముతక గింజ సన్న గింజకి ఆరున్నర రెట్లు పెద్దదైతేనే సన్నది ఖాళీల్లోకి హాయిగా జారుతుంది. నిష్పత్తి రెండో మూడో ఉంటే జారడానికి చోటెక్కడిది? అవి మొదట్నుంచీ మధ్యలో ఇరుక్కుని బరువు మోయడంలో పాలుపంచుకుంటాయి. అప్పుడు "ఖాళీల్లో ఉన్న ఫైన్స్" అనే ఊహే సరిపోదు.

పగ్గాలు ఎక్కడ చేతులు మారతాయి

ఫైన్స్ పెంచుకుంటూ పోతే ఒకచోట ఇసుక ఖాళీలన్నీ నిండిపోతాయి. అక్కణ్ణించి ఇంకా కలిపితే ఇసుక గింజలు దూరం జరగాల్సిందే. ఆ హద్దు సుమారుగా ఎక్కడుంటుందో కూడా లెక్కేయొచ్చు. శుభ్రమైన ఇసుక వాయిడ్ రేషియోని, 1 + ఇసుక వాయిడ్ రేషియో + ఫైన్స్ సొంత వాయిడ్ రేషియో మొత్తంతో భాగించండి. ఇసుకది 0.65, ఫైన్స్‌ది 1.00 అయితే 0.65ని 2.65తో భాగిస్తే 0.245, అంటే దాదాపు 25 శాతం. ప్రయోగాల్లో కూడా ఈ హద్దు ఎక్కువగా 20 నుంచి 35 శాతం మధ్యే పడుతుంది. గరిష్ఠ, కనిష్ఠ వాయిడ్ రేషియోల్ని ఫైన్స్ శాతంతో గీస్తే కిందికి దిగి మళ్లీ పైకి లేచే గీత కనిపిస్తుంది, ఆ అడుగు కూడా ఈ చుట్టుపక్కలే ఉంటుంది.

హద్దు దాటాక ఇసుక అస్థిపంజరం లెక్క మర్చిపోండి, ఇప్పుడు చూడాల్సింది ఫైన్స్ సొంత వాయిడ్ రేషియో, అంటే మొత్తం వాయిడ్ రేషియోని ఫైన్స్ భాగంతో భాగిస్తే వచ్చేది. బంక ఉన్న మట్టికి దీన్నే నీళ్లతో చూడటం ఇంకా సులువు. ఇసుక నీళ్లు పట్టుకోదని అనుకుంటే తేమ అంతా ఫైన్స్‌దే. మొత్తం తేమ 15 శాతం, ఫైన్స్ 30 శాతం అయితే ఫైన్స్ దగ్గరున్న తేమ 50 శాతం. పైన విడిగా తీయమన్న లిక్విడ్ లిమిట్ ఇక్కడ బయటికి తీయండి. అది 45 అయితే లోపలి బంక లిక్విడ్ లిమిట్ దాటి ఉంది, పైకి 15 శాతం తేమ చూసి పొడిగా ఉందిలే అనుకున్న మట్టి నిజానికి బురద మీద తేలుతున్న ఇసుక.

గులకలు ఉన్నా ఇదే లెక్క, ఒక మెట్టు పైన. అక్కడ గులకలు ముతకవి, మిగతా అంతా కలిపి సన్నది.

టెస్ట్ ఎంచుకోవడం

ఇక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు. డైరెక్ట్ షియర్ బాక్స్‌లో (రెండు సగాలుగా ఉండి, ఒక సగం మీద ఇంకో సగం జరిగే పెట్టె) అతి పెద్ద గింజ పెట్టె వెడల్పులో పదో వంతు, శాంపిల్ మందంలో ఆరో వంతు దాటకూడదు. 60 మి.మీ. పెట్టెలో 20 మి.మీ. మందం శాంపిల్ పెడితే వెడల్పు లెక్కన 6 మి.మీ. గింజ పడుతుంది గానీ మందం లెక్కన 3.3 మి.మీ. దగ్గరే ఆగిపోవాలి. ట్రయాక్సియల్‌లో (రబ్బరు తొడుగులో ఉన్న స్తంభం లాంటి శాంపిల్‌కి చుట్టూ ఒత్తిడి పెట్టి పైనుంచి నొక్కే టెస్ట్) శాంపిల్ వ్యాసంలో ఆరో వంతు, 50 మి.మీ. శాంపిల్‌కి 8 మి.మీ. పైబడిన గులకలు తీసేయాల్సి వస్తే అవి తేలుతున్నాయో ఆనుకుని ఉన్నాయో పై లెక్కతో చూడండి. తేలుతున్నవైతే తీసేసినా పెద్దగా నష్టం లేదు, మోస్తున్నవాటిని తీసేస్తే మాత్రం మీరు వేరే మట్టిని టెస్ట్ చేస్తున్నట్టే, పెద్ద పెట్టె ఉన్న చోటికి పంపండి.

డ్రెయిన్డా, అన్‌డ్రెయిన్డా అన్నది మట్టి పేరు చూసి తేల్చేది కాదు, అక్కడ లోడ్ ఎంత త్వరగా పడుతుంది, నీళ్లు ఎంత త్వరగా పోగలవు అన్నది చూసి తేల్చాలి. 15 శాతం ఫైన్స్‌తోనే ఇసుకలో నీళ్ల నడక బాగా మందగిస్తుంది కాబట్టి "ఇసుకే కదా, నీళ్లు పోతాయిలే" అనే ధీమా వద్దు. అన్‌డ్రెయిన్డ్ వర్తిస్తుందేమోనని అనుమానం ఉంటే డైరెక్ట్ షియర్‌ని నమ్ముకోకుండా పోర్ ప్రెషర్ కొలిచే ట్రయాక్సియల్‌కే వెళ్లండి.

శాంపిల్ తయారీ, తొంభై శాతం తప్పులు ఇక్కడే

ఆ తొంభై నేను ఎక్కడా కొలిచింది కాదు, కోపంతో అన్న మాట. కానీ ఇద్దరు ఒకే మట్టితో చేసి వేరే వేరే జవాబులు తెచ్చినప్పుడు నేను మొదట అడిగేది ఎలా తయారు చేశారనే.

ఒకే రకం ఇసుకని గరాటుతో పొడిగా పోయొచ్చు, చక్కగా వస్తుంది. మిశ్రమాన్ని అలా పోస్తే ముతకవి ఒకచోట, సన్నవి ఒకచోట చేరతాయి, ధూళి గాల్లో తేలి చివర పొరగా పడుతుంది. నీళ్లలో పోస్తే ఇంకా ఘోరం, ఇసుక ముందు మునుగుతుంది, సిల్ట్ తీరిగ్గా దిగుతుంది. మరి ఏం చేయాలి? రెండు దారులున్నాయి.

మొదటిది తడిపి దట్టించడం. మట్టిలో 5 శాతం దాకా నీళ్లు కలిపి, పొరలుగా వేసి, చిన్న రోకలితో కావలసిన ఎత్తుకి నొక్కడం. తేమ వల్ల సన్నవి ముతకవాటికి అంటుకుని ఉంటాయి కాబట్టి విడిపోవు. బరువులు ఇలా లెక్కేసుకోండి: 50 మి.మీ. వ్యాసం, 100 మి.మీ. ఎత్తు శాంపిల్ ఘనపరిమాణం 196.3 ఘన సెం.మీ. స్పెసిఫిక్ గ్రావిటీ 2.65, కావలసిన వాయిడ్ రేషియో 0.65 అయితే పొడి సాంద్రత 1.606, మొత్తం పొడి మట్టి 315 గ్రాములు. ఫైన్స్ 20 శాతం అంటే 63 గ్రాములు, ఇసుక 252 గ్రాములు. అయిదు పొరలైతే ఒక్కో పొరకి ముందే 63 గ్రాముల మట్టిని విడి గిన్నెల్లో కలిపి పెట్టుకోండి (మొత్తం ఫైన్స్ బరువూ ఒక పొర బరువూ ఇక్కడ ఒకటే అవడం కాకతాళీయం, కంగారు పడకండి). పెద్ద గిన్నెలో ఒకేసారి కలిపి గరిటెతో తీస్తే ఆఖరి పొరకి ఏం మిగులుతుందో చెప్పలేం.

పై పొర దట్టించేటప్పుడు కింది పొర ఇంకా నలుగుతుంది, అందుకని కింది పొరల్ని కావాలనే కొంచెం వదులుగా వదలాలి. 1978లో ల్యాడ్ చెప్పిన పద్ధతి ఇది. అడుగు పొరని 5 శాతం వదులుగా ఉంచి పైకి వెళ్లేకొద్దీ సమానంగా తగ్గించుకుంటూ వస్తే, ఒక్కో పొర పూర్తయ్యాక అడుగు నుంచి ఎత్తు 21, 40.75, 60.5, 80.25, 100 మి.మీ. ఉండాలి. ఆ 5 శాతం మీ మట్టికి సరిపోతుందో లేదో ఒక శాంపిల్ పాడు చేసుకుని చూసుకోవాల్సిందే.

రెండో దారి స్లర్రీ. మట్టి మొత్తాన్ని నీళ్లతో గొట్టంలో నింపి, గాలి తీసేసి, బాగా తిప్పి కలిపి, తిప్పడం ఆపగానే మోల్డ్‌లోకి వదలడం. పని పెంచుతుంది, చేయి తిరగడానికి సమయం పడుతుంది, బాగా వదులు శాంపిల్ కావాలంటే దీనితో రాదు. కానీ నీళ్ల కింద పేరుకున్న నేలకి ఇదే దగ్గర పోలిక. ఒకే వాయిడ్ రేషియో దగ్గర తడిపి దట్టించిన శాంపిల్ కుప్పకూలేలా ప్రవర్తించి, నీళ్లలో పేరుకున్నది తిరిగి కోలుకోవడం మామూలే, గింజల అమరిక తేడా అది. కాబట్టి ఏ పద్ధతితో చేశారో రాయని ఫలితాన్ని పక్కన పెట్టేయండి.

తయారీ బాగా వచ్చిందో లేదో తేల్చడానికి ఒక శాంపిల్ త్యాగం చేయండి. దాన్ని అడ్డంగా మూడు ముక్కలు కోసి, పై ముక్క, మధ్య ముక్క, అడుగు ముక్క విడివిడిగా కడిగి ఫైన్స్ చూడండి. 20 శాతం అనుకున్నది పైన 26, కింద 14 వస్తే మీ దగ్గరున్నది ఒక శాంపిల్ కాదు, ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు శాంపిల్స్.

ఇంకో మాట. నేల నుంచి చెక్కుచెదరకుండా తీసిన శాంపిల్‌లో ఇసుక పొర, సిల్ట్ పొర విడివిడిగా కనిపిస్తే వాటిని గిన్నెలో వేసి కలిపేయకండి. 1971 ఫిబ్రవరి 9న క్యాలిఫోర్నియాలో భూకంపం వచ్చినప్పుడు ఎగువ వాలు జలాశయంలోకి జారిపోయిన లోయర్ శాన్ ఫెర్నాండో డ్యామ్‌ని నీళ్లతో మట్టిని పారించి కట్టారు. అలా పారించినప్పుడు ముతకదీ సన్నదీ పొరలుగా పడతాయి. పొరలుగా ఉన్న నేలలో బలహీనమైన పొర ఒక్కటే చాలు జారడానికి, ఆ పొరల్ని కలిపేస్తే వచ్చే సగటు మిశ్రమం ఆ నేలలో ఎక్కడా ఉండదు.

నీళ్లు నింపడం, స్పీడు

ట్రయాక్సియల్‌లో ముందు కార్బన్ డయాక్సైడ్‌ని మెల్లగా పంపి గాలిని తరిమేయండి, తర్వాత గాలి తీసిన నీళ్లు కింది నుంచి పైకి పంపండి. తొందరపడి ఎక్కువ ప్రెషర్‌తో నీళ్లు తోశారంటే అవి ఫైన్స్‌ని మోసుకుపోతాయి, బయటికొచ్చే నీళ్లు మసగ్గా ఉన్నాయంటే ఆపేయండి. బ్యాక్ ప్రెషర్ (మిగిలిన గాలి కరిగిపోయేలా లోపలి నీళ్లకి ఇచ్చే ఒత్తిడి) పెంచుతూ బీ విలువ (చుట్టూ పెంచిన ఒత్తిడిలో పోర్ ప్రెషర్‌గా కనిపించే వంతు) 0.95 దాటేదాకా ఆగాలి. తడిపి దట్టించిన వదులు శాంపిల్ నీళ్లు తగలగానే కుంగుతుంది, మోల్డ్‌లో కొలిచిన వాయిడ్ రేషియో అక్కడితో చెల్లు. అందుకే టెస్ట్ అయ్యాక మొత్తం శాంపిల్ తేమ తీసి దాన్నుంచి వాయిడ్ రేషియో వెనక్కి లెక్కేయాలి. విప్పేటప్పుడు నీళ్లు కారిపోకుండా వాల్వులు మూసి సెల్ పీఠంతో సహా గడ్డకట్టించి తీసేవాళ్లు ఉన్నారు, ఫ్రీజర్ ఉంటే మీరూ అదే చేయండి. వాయిడ్ రేషియోలో చిన్న తప్పు కూడా పైన చెప్పిన అస్థిపంజరం లెక్కలో పెరిగి పెద్దదవుతుంది.

స్పీడు బంకని బట్టి. డ్రెయిన్డ్ డైరెక్ట్ షియర్‌కి, 90 శాతం కన్సాలిడేషన్‌కి (బరువు పడ్డాక నీళ్లు పోయి మట్టి కుంగడం) పట్టిన సమయాన్ని 11.6తో గుణిస్తే, ఫెయిల్ అవడానికి కనీసం అంత సమయం ఇవ్వాలి. 90 శాతానికి 9 నిమిషాలు పట్టిందనుకోండి, 104 నిమిషాలు. 5 మి.మీ. జరిగాక ఫెయిల్ అవుతుందనుకుంటే నిమిషానికి 0.048 మి.మీ. చాలు. ఇసుకకి వాడే స్పీడుతో లాగేసి "డ్రెయిన్డ్" అని రాస్తే లోపల కొలవని పోర్ ప్రెషర్ మిగిలిపోతుంది, డైరెక్ట్ షియర్‌లో అది కనిపించే దారే లేదు.

గీతలు చదవడం

డ్రెయిన్డ్ అయితే ఒత్తిడి గీత కంటే ముందు ఘనపరిమాణం గీత చూడండి. కుంగుతోందా, మొదట కుంగి తర్వాత ఉబ్బుతోందా? గట్టి గింజల కూర్పు కదలాలంటే ఉబ్బక తప్పదని 1885లోనే రేనాల్డ్స్ చెప్పాడు. ఉబ్బే చోట శిఖరం ఉంటుంది, కుంగే చోట గీత నింపాదిగా ఎక్కి చదునవుతుంది. ఎంత జరిపినా ఒత్తిడీ ఘనపరిమాణమూ మారని చోటు క్రిటికల్ స్టేట్.

అన్‌డ్రెయిన్డ్‌లో ఘనపరిమాణం మారలేదు కాబట్టి కుంగాలన్న కోరిక పోర్ ప్రెషర్‌గా, ఉబ్బాలన్న కోరిక పోర్ ప్రెషర్ పడిపోవడంగా బయటపడుతుంది. ఒక మట్టి ఘర్షణ కోణం (గింజల మధ్య ఘర్షణ ఎంతో చెప్పే అంకె) 32 డిగ్రీలు, ఎఫెక్టివ్ ఒత్తిడి (మొత్తం ఒత్తిడిలోంచి పోర్ ప్రెషర్ తీసేస్తే మిగిలేది) 100 కిలోపాస్కల్స్. నీళ్లు పోతుంటే అది 225 కిలోపాస్కల్స్ డెవియేటర్ ఒత్తిడి (చుట్టూ ఉన్నదానికి అదనంగా పైనుంచి వేసేది) దాకా తట్టుకుంటుంది. నీళ్లు పోక పోర్ ప్రెషర్ 70 పెరిగి ఎఫెక్టివ్ ఒత్తిడి 30కి దిగితే 68 దగ్గరే చేతులెత్తేస్తుంది. కోణం అదే 32. "ఘర్షణ కోణం బాగానే ఉంది, మరి ఎందుకు కూలింది" అన్న ప్రశ్నకి జవాబు ఎక్కువసార్లు ఇక్కడే దొరుకుతుంది.

ప్లాస్టిసిటీ లేని సిల్ట్‌ని ఒకే వాయిడ్ రేషియో దగ్గర పెంచుతూ పోతే మీరు చూడబోయేది సుమారుగా ఇది: శుభ్రమైన ఇసుక మొదట కాస్త కుంగి వెంటనే కోలుకుని ఎక్కుతుంది. 10 శాతం దగ్గర శిఖరం దాటాక కొంచెం దిగి, అడుగున కాసేపు ఊగి, మళ్లీ లేస్తుంది. ఆ కాసేపటి అడుగుని ఆఖరి బలం అనుకుని రాసేయకండి, ఇంకా జరపండి. 20 శాతం దగ్గర దిగడం మొదలైతే లేవకపోవచ్చు. హద్దు దాటి 40కి వెళ్తే గాలి తిరుగుతుంది, ఫైన్స్ ఇప్పుడు ఒకదాన్నొకటి ఆనుకుంటున్నాయి, అదే వాయిడ్ రేషియో వాటికి దట్టమైన కూర్పు, బలం మళ్లీ పెరగడం మొదలవుతుంది. క్రిటికల్ స్టేట్ గీత కూడా ఇలాగే, హద్దు దాకా కిందికి జరిగి, దాటాక పైకి వస్తుంది.

అయితే ఇదంతా "ఒకే వాయిడ్ రేషియో" అన్న షరతు మీదే నిలబడింది. ఒకే రిలేటివ్ డెన్సిటీ (మట్టి అతి వదులుకీ అతి దట్టానికీ మధ్య ఎక్కడుందో చెప్పే అంకె) దగ్గర పోలిస్తే సిల్ట్ వల్ల బలం పెరిగిందని చూపించొచ్చు, ఒకే అస్థిపంజరం వాయిడ్ రేషియో దగ్గర పోలిస్తే పెద్ద తేడా లేదని చూపించొచ్చు, ముగ్గురూ నిజమే చెప్తున్నట్టు. ఫైన్స్ మంచివా చెడ్డవా అని ఏళ్ల తరబడి జరిగిన వాదనలో పెద్ద భాగం దేన్ని సమానంగా ఉంచి పోల్చారన్న దగ్గరే చిక్కుకుంది. పైగా రిలేటివ్ డెన్సిటీకి కావలసిన గరిష్ఠ, కనిష్ఠ సాంద్రతల టెస్టులు ఫైన్స్ 15 శాతం దాకానే వర్తిస్తాయని వాటి ప్రామాణిక పద్ధతుల్లోనే ఉంది. 30 శాతం ఫైన్స్ మట్టికి రిలేటివ్ డెన్సిటీ రాసిన రిపోర్టు కనిపిస్తే దాన్ని పెన్సిల్‌తో చుట్టండి.

బంక ఉంటే ఇంకా చాలా దూరం జరపాలి

పాత జారుడు ఉన్న వాలు లాంటి చోట శిఖరం బలం, క్రిటికల్ బలం రెండూ ఎక్కువ చెప్పేస్తాయి. బంక పలకలు ఒక తలం మీద సర్దుకుని పడుకుంటే బలం ఇంకా దిగుతుంది, అది రెసిడ్యువల్ బలం. దానికి రింగ్ షియర్ (ఉంగరం ఆకారం శాంపిల్‌ని ఎంత దూరమైనా తిప్పే మెషీన్) ఉండాలి, లేదంటే డైరెక్ట్ షియర్ పెట్టెని ముందుకీ వెనక్కీ చాలాసార్లు నడపాలి. 1985లో స్కెంప్టన్ ఇచ్చిన హద్దులు ఇక్కడ బాగా పనికొస్తాయి: 2 మైక్రాన్ల కింది బంక 25 శాతం కంటే తక్కువ ఉంటే మట్టి ఇసుకలాగో సిల్ట్‌లాగో నడుస్తుంది, బలం పెద్దగా దిగదు. 50 శాతం దాటితే దాదాపు అంతా బంక ఖనిజాల జారుడే. మధ్యలో రెండూ కలిసి ఉంటాయి. అంతకుముందు 1981లో లుపిని, స్కిన్నర్, వాన్ ఈ మూడు రకాల నడకనీ వేరు చేసి చూపించారు: గుండ్రటి గింజలు దొర్లుతూ పలకల్ని పడుకోనివ్వని నడక, పూర్తిగా జారే నడక, మధ్యలో ఊగే నడక. ఆ మధ్య ప్రాంతంలో బంక కొన్ని శాతాలు పెరిగినా కోణం గట్టిగా పడిపోతుంది, కాబట్టి అలాంటి మట్టికి ఒక్క శాంపిల్‌తో సరిపెట్టకండి, బంక శాతం కొంచెం అటూ ఇటూ ఉన్నవి మూడైనా చేయండి.

రిపోర్టు రాసేటప్పుడు ఘర్షణ కోణం పక్కనే ఇవన్నీ ఒకే వరసలో పెట్టండి: కడిగి తీసిన ఫైన్స్ శాతం, బంక శాతం, ఫైన్స్ ప్లాస్టిసిటీ, తయారీ పద్ధతి, కన్సాలిడేషన్ తర్వాతి వాయిడ్ రేషియో, అస్థిపంజరం వాయిడ్ రేషియో, దాని పక్కన శుభ్రమైన ఇసుక గరిష్ఠ వాయిడ్ రేషియో. ఈ ఆఖరి రెంటిలో మొదటిది పెద్దదైతే ఆ వరసని ఎర్ర ఇంకుతో రాయండి, ఇంకో రెండు అన్‌డ్రెయిన్డ్ టెస్టులకి మట్టి దాచిపెట్టండి.